ఎనిమిదో తరగతికి ఎలా చెప్పాలి?

ప్రశ్న: పర్లాకిమిడి దగ్గర హైస్కూల్లో టీచర్ని. పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. లైంగిక విద్య పాఠం మొదలెడితే చాలు, నవ్వులు, తల దించుకోవడాలు. ఏం చేయాలండీ?

జవాబు: టీచరుగారూ, వారం ముందే తాళం వేసిన ప్రశ్నల పెట్టె పెట్టండి. అందరికీ ఒకే సైజు కాగితం ఇవ్వండి. ప్రశ్న లేనివాళ్లూ ‘లేదు’ అని రాసి వేయాలి. లేకపోతే అడిగిందెవరో ఇట్టే తెలిసిపోతుంది. ప్రశ్న తెలుగులో రాసినా ఒడియాలో రాసినా సరే. చేతిరాత పట్టేస్తారు కాబట్టి చీటీలు మీరే చదవండి.

యోని, పురుషాంగం, గర్భాశయం అన్న మాటలు మామూలు గొంతుతోనే పలకండి. మీరు గొణిగితే పిల్లలకు అందేది సిగ్గే. నెలసరి చెప్పేటప్పుడు మగపిల్లల్ని బయటికి పంపేస్తుంటారు, అదే అసలు పొరపాటు. తరువాత వెక్కిరించేది ఏమీ తెలియని ఆ పిల్లలే. ప్యాడ్ 4 నుంచి 6 గంటలకోసారి మార్చాలనీ, మొదటి ఒకటి రెండేళ్లు తేదీలు అటూఇటూ కావడం మామూలేననీ అందరికీ చెప్పండి. నిద్రలో వీర్యం పోవడం జబ్బు కాదని కూడా.

తల్లిదండ్రులకు ముందే తెలుగులో చెప్పండి, ఒడియా నోటీసుతో సరిపెట్టొద్దు.

‘ఎవరికీ చెప్పను’ అని మాత్రం ఏ పిల్లకూ, పిల్లాడికీ మాటివ్వకండి. 18 ఏళ్లలోపు వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే. పిల్లల సహాయానికి 1098 నంబరు గోడమీద రాయించండి.