నీకొదేము ఒక్కడితో ‘మీరు’ ఎందుకు?

సందేహం: యోహాను సువార్త మూడవ అధ్యాయం ఏడవ వచనంలో “మీరు క్రొత్తగా జన్మింపవలెనని నేను నీతో చెప్పినందుకు ఆశ్చర్యపడవద్దు” అని ఉంది. యేసు ఎదుట ఉన్నది నీకొదేము ఒక్కడే. ‘మీరు’ అని మొదలైన వాక్యం మధ్యలో ‘నీతో’ అని ఎందుకు మారింది? మేము కొందరం వారానికొకసారి కూర్చుని లేఖనాలు చదువుకుంటాం. ఇది అచ్చుతప్పు అని ఒకరు, నీకొదేము అధికారి కాబట్టి మర్యాదకు ‘మీరు’ అన్నారని ఒకరు, ఇంగ్లీషులో రెండూ ఒకే మాట కనుక పట్టించుకోనక్కరలేదని ఇంకొకరు అన్నారు. ఏది సరి? ఆ అధ్యాయంలోనే నీకొదేమును ‘అతడు’ అనీ యేసును ‘ఆయన’ అనీ అనడం మూలంలో ఉన్న భేదమేనా? ఈ వచనాన్ని నేటి తెలుగులో ఎలా రాయాలి?

సమాధానం: మీ బృందంలో వచ్చిన మూడు అభిప్రాయాల్లో ఏదీ నిలవదు. అయినా మీ చర్చ వృథా పోలేదు. చాలామంది చదువుకుంటూ దాటిపోయే ఒక చిన్న మాట దగ్గర మీరు ఆగారు. లేఖనాన్ని శ్రద్ధగా చదవడం అలా ఆగడంతోనే మొదలవుతుంది.

ముందు అచ్చుతప్పు సంగతి. గ్రీకు మూలంలో ఈ వాక్యంలోనే రెండు వేర్వేరు సర్వనామాలు ఉన్నాయి. ‘నీతో’ అన్నచోట ‘సోయి’ అనే ఏకవచనం, ‘మీరు’ అన్నచోట ‘హుమాస్’ అనే బహువచనం కనిపిస్తాయి. తెలుగు అనువాదకులు ఆ భేదాన్ని ఉన్నదున్నట్టుగా దించారు. 1611 నాటి ఇంగ్లీషు అనువాదం కూడా ఇక్కడ ‘దీ’, ‘యీ’ అని రెండు మాటలు వాడి ఏకవచన బహువచనాలను వేరుచేసింది. తరువాతి కాలంలో ఇంగ్లీషు ఆ రెండింటినీ విడిచి అన్నిటికీ ‘యూ’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంది కాబట్టి, నేటి ఇంగ్లీషు బైబిలు మాత్రమే చదివేవారికి ఈ మలుపు కంటికి ఆనదు. ఆ భాషలో పోయిన భేదం మన భాషలో నిలిచి ఉండగా, అందులో లేదు కాబట్టి ఇందులోనూ పట్టించుకోనక్కరలేదనడం చేతిలో ఉన్న దీపాన్ని ఆర్పుకోవడమే.

ఇక మర్యాద సంగతి. ఒక వ్యక్తిని ‘మీరు’ అని మన్నించడం నేడు మనకు ఎంత సహజమో, పాత గ్రాంథిక రచనలో ‘నీవు’ అంత సహజం. మన కావ్యాల్లో రాజునైనా, గురువునైనా, దేవుణ్ణైనా ‘నీవు’ అనే సంబోధించారు. అందులో చిన్నచూపు ఏమీ లేదు. బైబిలు తెలుగు అనువాదం ఆ రచనా సంప్రదాయానికి చెందినది. ఆ అనువాదకులకు మన్నన తెలపాలనిపించినచోట ‘తాము’, ‘తమరు’ అనే మాటలు వాడుకున్నారు. దానియేలు గ్రంథం రెండవ అధ్యాయంలో దానియేలు నెబుకద్నెజరుతో “రాజా, తాము చూచుచుండగా” అని మొదలుపెట్టడం అందుకు మంచి ఉదాహరణ. మూలంలో అక్కడ ఉన్నది ఏకవచనమే, మన్నన అనువాదకులు చేర్చినది. కనుక ఈ అనువాదంలో ‘మీరు’ కనబడినప్పుడు ఎదుట ఒకరికంటే ఎక్కువమంది ఉన్నారని, లేదా ఎదుటివాడితోపాటు మరికొందరిని కలుపుకొని మాట్లాడుతున్నారని అర్థం చేసుకోవాలి.

దీనికి రుజువు కోసం వేరే గ్రంథాలు వెదకనక్కరలేదు, అదే సంభాషణలో ఉంది. పదవ వచనంలో యేసు “నీవు ఇశ్రాయేలుకు బోధకుడవై యుండి వీటిని ఎరుగవా?” అంటారు. మర్యాద చూపవలసిన సందర్భమంటే ఇదే, ఎందుకంటే బోధకుడన్న హోదాను పేరెత్తి చెప్పినది ఇక్కడే. అయినా ‘మీరు ఎరుగరా’ అనలేదు, ‘నీవు ఎరుగవా’ అన్నారు. ఏడవ వచనంలోని ‘మీరు’ గౌరవార్థకమైతే మూడు వచనాలు గడిచేలోగా ఆ గౌరవం ఎక్కడికి పోయిందో చెప్పవలసి వస్తుంది.

మరి ఆ ‘మీరు’ ఎవరు? దీనికి జవాబు రెండవ వచనంలో ఉంది. నీకొదేము రాత్రివేళ ఒంటరిగా వచ్చాడు, కాని నోరు విప్పగానే “నీవు దేవునియొద్దనుండి వచ్చిన బోధకుడవని మేమెరుగుదుము” అన్నాడు. ‘నేనెరుగుదును’ అనలేదు. తన వెనుక ఉన్న పరిసయ్యులనో, అధికారులనో, సాటి బోధకులనో ఆ ‘మేము’లో కలుపుకొని వచ్చాడు. యేసు మొదట అతనితో ‘నీతో నిశ్చయముగా చెప్పుచున్నాను’ అంటూ ఒక్కడిగానే మాట్లాడి, ఏడవ వచనంలో అతడు తెచ్చిన ‘మేము’కు ‘మీరు’ అని బదులిచ్చారు. చెప్పేది అతనితోనే, చెప్పిన మాట మాత్రం అతనికీ అతనివారికీ అందరికీ వర్తిస్తుంది. పన్నెండవ వచనానికి వచ్చేసరికి “మీరు నమ్మకున్నప్పుడు” అంటూ మాట పూర్తిగా బహువచనంలోకి వెళ్లిపోతుంది, ఆ తరువాత నీకొదేము నోట ఒక్క మాట కూడా ఈ అధ్యాయంలో వినబడదు. ఈ వివరణ నేను బయటినుంచి తెచ్చినది కాదు. సర్వనామాల కింద గీత గీసుకుంటూ రెండవ వచనం నుంచి పన్నెండవ వచనం దాకా ఒకసారి నెమ్మదిగా చదివితే మీకే కనబడుతుంది.

లూకా సువార్త ఇరవై రెండవ అధ్యాయంలోనూ ఇటువంటి మలుపే ఉంది. “సీమోనూ, సీమోనూ” అని ఒక్కడిని రెండుసార్లు పిలిచి, “సాతాను మిమ్మును పట్టి గోధుమలవలె జల్లించుటకు” కోరుకున్నాడని చెప్పి, వెంటనే “నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని” అంటారు. జల్లెడలో పడేది శిష్యులందరూ, ప్రార్థన మాత్రం ఆ క్షణాన పేతురు కోసం, అతడు తిరిగి నిలబడి తన సహోదరులను స్థిరపరచడం కోసం. ‘మిమ్మును’ అన్నది పేతురు మీది మర్యాద అనుకుంటే ఈ వాక్యం సగం చచ్చిపోతుంది.

సర్వనామం లేనిచోట క్రియ చూడాలి. ఈ అనువాదంలో ‘చేయుము’ అంటే ఒకరికి చెప్పినది, ‘చేయుడి’ అంటే పలువురికి చెప్పినది. మత్తయి ఆరవ అధ్యాయంలో “నీ గదిలోనికి వెళ్లి తలుపు వేసి” ప్రార్థన చేయుము అన్నది ఒంటరి ప్రార్థన. మూడు వచనాల తరువాత “మీరీలాగు ప్రార్థనచేయుడి” అని చెప్పి నేర్పినది “పరలోకమందున్న మా తండ్రీ” అని మొదలయ్యే ఉమ్మడి ప్రార్థన. తలుపు మూసుకున్న ఒక్కడికీ నోరు కలిపిన పదిమందికీ మధ్య తేడా అంతా ఆ ‘ము’, ‘డి’ ప్రత్యయాలలో ఉంది. కొన్నిచోట్ల తెలుగే దీన్ని దాచేస్తుందని కూడా చెప్పాలి. పది ఆజ్ఞలలోని ‘నరహత్య చేయకూడదు’ అన్న రూపంలో ‘నీవు’, ‘మీరు’ భేదం తెలిపే ప్రత్యయం లేదు కాబట్టి అది ఒకరికా పలువురికా అన్నది తెలియదు. హెబ్రీ మూలంలో అది ఏకవచనం. పక్కనున్న “నీ తండ్రిని నీ తల్లిని సన్మానించుము” అన్న ఆజ్ఞను చూసి ఆ సంగతి పోల్చుకోవచ్చు.

యిర్మీయా ఇరవై తొమ్మిదవ అధ్యాయం పదకొండవ వచనం చాలామందికి కంఠస్థం. “నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును” అన్న ఆ మాటను ఉద్యోగం కోసమో పరీక్ష కోసమో ఎదురుచూసే ఒక్కొక్కరూ తమకు విడిగా రాసిన ఉత్తరంలా చదువుకుంటారు. అది నిజంగా ఉత్తరమే. అయితే క్రీ.పూ. 597లో యెకొన్యా రాజుతోపాటు బబులోనుకు చెరపోయిన ప్రజలందరికీ యెరూషలేము నుంచి వెళ్లిన ఉత్తరం. ‘మిమ్మును’ అన్నది ఆ సమూహాన్ని. పై వచనంలోనే బబులోను రాజ్యానికి డెబ్బది సంవత్సరాలు గతించాలన్న షరతు ఉంది, అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవారిలో ఎందరో తిరిగి వెళ్లే రోజును చూడలేరు. అందుకే వారికి ముందుగా చెప్పిన మాట “ఇండ్లు కట్టుకొని వాటిలో నివసించుడి” అన్నది. ఇక్కడి ‘డి’ కూడా గమనించండి. ఈ వచనం నుంచి ఒక వ్యక్తి ఓదార్పు పొందకూడదని నేననను. ఆ ప్రజకు దేవుడు ఏమి చెప్పాడో ముందు విని, ఆ తరువాత తన దగ్గరికి రావాలంటాను. ఇంకొక మాట: ఏడవ వచనంలో ‘క్షేమము’ అని మూడుసార్లు వచ్చినదీ, పదకొండవ వచనంలో ‘సమాధానకరమైన’ అన్నచోట ఉన్నదీ హెబ్రీలో ఒకే మాట, ‘షాలోమ్’. ‘సమాధానము’ అంటే జవాబు అన్న నేటి వాడుక ఇక్కడ పనికిరాదు. ‘సమాధానపడ్డారు’ అని ఇప్పటికీ అంటామే, ఆ అర్థానికి ఇది దగ్గర.

ఇప్పుడు మీ రెండవ ప్రశ్న. దీని జవాబు మొదటిదానికి నేరుగా ఎదురు. “అతడు రాత్రియందు ఆయనయొద్దకు వచ్చి” అన్న వాక్యంలో ‘అతడు’, ‘ఆయన’ అన్న తారతమ్యం మూలంలో లేదు. గ్రీకు ప్రథమ పురుష సర్వనామంలో లింగ వచనాల భేదం ఉంది గాని మన్నన తరగతులు లేవు. తెలుగులో రాసేవాడికి మాత్రం వాడు, అతడు, ఆయన అన్న మూడు మెట్లలో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. అనువాదకులు యేసుకు ‘ఆయన’ను, అధికారియైన నీకొదేముకు ‘అతడు’ను, దారిపక్కన కూర్చున్న గ్రుడ్డి భిక్షకుడు బర్తిమయికి ‘వాడు’ను ఎంచుకున్నారు. లూకా పదిహేనవ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడు కూడా “వాడింక దూరముగా ఉన్నప్పుడు” అంటూ ‘వాడు’గానే తిరిగివస్తాడు. గ్రాంథికంలో ‘వాడు’ నేటి చెవికి తగిలినంత పరుషమైన మాట కాకపోయినా, భిక్షకుడికి ఒకటీ అధికారికి ఒకటీ వాడడంలో అనువాదకుల కాలపు సామాజిక దృష్టి ఉందన్నది నా అభిప్రాయం. కనుక ‘వాడు’ అన్నందున బర్తిమయిని లేఖనం తక్కువ చేసిందని ఎవరైనా బోధిస్తే ఆ బోధకు మూలంలో ఆధారం లేదు.

‘మేము’, ‘మనము’ భేదం కూడా అటువంటిదే. అది తెలుగు సొత్తు, గ్రీకులో లేదు. మార్కు నాలుగవ అధ్యాయంలో తుఫానులో శిష్యులు “బోధకుడా, మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా?” అంటారు. గ్రీకులో ఉన్నది క్రియ ఒక్కటే. ‘మేము’ అన్నప్పుడు దోనెలో నిద్రిస్తున్నవాడిని ఆ ఆపద నుంచి వేరుచేసినట్టు, ‘మనము’ అంటే ఆయనను కూడా తమతో మునిగేవాడిగా లెక్కపెట్టినట్టు. రెండూ సాధ్యమే, అనువాదకులు ఒకటి ఎంచుకున్నారు. మత్తయిలో ఇదే ఘట్టంలో “ప్రభువా, నశించిపోవుచున్నాము” అని కర్తను వదిలేసినచోట తెలుగు క్రియ ‘మేము’కూ ‘మనము’కూ ఒకటే కాబట్టి, ఆ మాటవరకు గ్రీకులోని సందిగ్ధత తెలుగులోనూ మిగిలింది.

ఈ రెండు రకాల భేదాలూ ఒకే వాక్యంలో పక్కపక్కన కనిపించే చోటు మొదటి కొరింథీయులకు మూడవ అధ్యాయం పదహారవ వచనం: “మీరు దేవుని ఆలయమై యున్నారనియు, దేవుని ఆత్మ మీలో నివసించుచున్నాడనియు మీరెరుగరా?” ఇందులో ‘మీరు’ అన్న బహువచనం మూలానిది. మీరందరూ కలిసి ఒక్క ఆలయం అన్నది పౌలు మాట, సంఘంలోని చీలికలను గురించి చెబుతూ అన్న మాట. ‘నివసించుచున్నాడు’ అన్న పుంలింగ క్రియ అనువాదకులది. తెలుగులో ‘ఆత్మ’ అమహద్వాచకం, అంటే పురుషులను సూచించని మాట, కాబట్టి మామూలుగా ‘నివసించుచున్నది’ అనాలి. గ్రీకులో ఆ నామం నపుంసకం, క్రియలో లింగమే లేదు. పరిశుద్ధాత్మ ఒక వ్యక్తి అన్న క్రైస్తవ విశ్వాసాన్ని నిలపడానికి అనువాదకులు తెలిసే తెలుగు వ్యాకరణాన్ని పక్కకు జరిపారు. నేను దాన్ని తప్పుపట్టడం లేదు. ఈ ‘డు’ అనువాదకుల నిర్ణయమని ఎరిగి చదవమంటున్నాను.

మీ మూడవ ప్రశ్నకు వస్తే, నేటి తెలుగులో ‘మీరు’ మర్యాదకూ బహువచనానికీ ఉమ్మడి అయిపోయింది కాబట్టి దాన్ని ఒంటరిగా వదలకూడదు, ‘అందరూ’ అన్న మాట తోడివ్వాలి. యేసు నీకొదేమును ‘నువ్వు’ అన్నట్టే ఉంచాలి, మార్చితే మలుపు పోతుంది. ‘క్రొత్తగా’ అన్నచోట ఉన్న ‘అనోథెన్’ అనే గ్రీకు మాటకు ‘మళ్లీ’ అనీ ‘పైనుండి’ అనీ రెండర్థాలు. ఇదే అధ్యాయం ముప్పై ఒకటవ వచనంలో అదే మాటను “పైనుండి వచ్చువాడు” అని అనువదించారు. ఒక్క తెలుగు మాటలో రెండూ ఇమడవు కనుక ‘కొత్తగా’ అని ఉంచి, రెండవ అర్థాన్ని అడుగున సూచించడం మేలు. అప్పుడు వచనం ఇలా ఉంటుంది: “మీరందరూ కొత్తగా పుట్టాలని నేను నీతో అన్నందుకు ఆశ్చర్యపోకు.”