పాత కారును సర్క్యూట్ రేసుకు సిద్ధం చేస్తున్నారా? పెద్ద కాలిపర్లు ఇప్పుడే కొనకండి

మీరు అడిగింది ఇదీ: 1960ల నాటి స్పోర్ట్స్ కారు, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. సర్క్యూట్‌లో కొన్ని ల్యాపులు తిరిగేసరికి బ్రేక్ పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతోంది, మలుపుల్లో బండి బాగా ఒరుగుతోంది. నాలుగు పిస్టన్ల కాలిపర్లు (ప్యాడ్లను డిస్కు మీద నొక్కే భాగాలు), ఎత్తు తగ్గించే గట్టి స్ప్రింగులు వేయించమని ఎవరో చెప్పారు. వేయించాలా?

ఇప్పుడే వద్దండి. నేనూ ఆ కాలం నాటి ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారునే చాలా ఏళ్లుగా సర్క్యూట్‌లో నడుపుతున్నాను. దాని మీద పెట్టిన ఖర్చులో నాకు ఎక్కువ ఫలితం ఇచ్చినవి బయటికి కనిపించని పనులే.

ముందు మీ పెడల్ ఏం చెబుతోందో చూడాలి. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే ప్యాడ్లు వేడికి పట్టు కోల్పోయినట్టు. మీకు జరుగుతున్నట్టు పెడల్ మెత్తబడి దిగిపోతే బ్రేక్ ఆయిల్ మరిగి అందులో ఆవిరి బుడగలు పుట్టినట్టు. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. మామూలు రోడ్డు మీద ఆ తేడా తెలియదు. సర్క్యూట్‌లో వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగింతలవుతుంది, అక్కడ బయటపడుతుంది. అందుకే మరుగు ఉష్ణోగ్రత ఎక్కువగా ఉండే రేసింగ్ ఆయిల్ పోయించి, ప్రతి పోటీకి ముందు కొత్త ఆయిల్‌తో ఎయిర్ తీయించండి. తేమ పీల్చదని చెప్పి డాట్ 5 సిలికాన్ ఆయిల్ పోయమని కొందరంటారు. షెడ్డులో నిలబెట్టే కారుకు అది బాగానే ఉంటుంది కానీ వేడెక్కితే పెడల్ మెత్తగా అనిపిస్తుంది, మామూలు ఆయిల్‌తో కలవదు కూడా. రేసుకు నేను వాడను.

ఆయిల్‌తో పాటే రబ్బరు హోసులు మార్చేయండి. పాతబడిన హోసు పైకి బాగానే కనిపిస్తుంది. లోపల ఉబ్బిపోయి ఒత్తిడిని వెనక్కి రానివ్వదు, కాలు తీసినా బ్రేకు కొద్దిగా పట్టే ఉంటుంది, డిస్కు ఊరికే వేడెక్కుతుంది. స్టీలు అల్లిక ఉన్న హోసులు వేస్తే పెడల్ కూడా గట్టిపడుతుంది. ఇనుప పైపులు తుప్పు పట్టి ఉంటే అవీ తీసేయాలి. ఆ కాలపు కార్లలో చాలావాటికి సింగిల్ సర్క్యూట్ బ్రేకులే. ఒక్క పైపు పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు ఉండదు. నిబంధనలు ఒప్పుకుంటే ఆయిల్‌కు రెండు వేరు దారులుండే డ్యూయల్ సర్క్యూట్ మాస్టర్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని ఆయిల్‌లోకి పంపేది) పెట్టించండి. నా దృష్టిలో మొత్తం జాబితాలో ఇదే అన్నిటికన్నా విలువైన మార్పు.

ప్యాడ్ల విషయంలో ఒక జాగ్రత్త. రేసు ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు. కారును రోడ్డు మీద నడుపుకుంటూ సర్క్యూట్‌కు వెళ్లేవారైతే ప్యాడ్లు అక్కడికెళ్లాక మార్చుకోండి. కొత్తవి వేశాక క్రమంగా వేడి చేసి, చల్లారనిచ్చి, ఆ తర్వాతే గట్టిగా తొక్కాలి. డిస్కుకు గాలి గొట్టం పెడితే దాన్ని ఒక ముఖానికే కాకుండా మధ్యలో హబ్ వైపు చూసేలా పెట్టించండి. ఒకవైపే చల్లారితే డిస్కు వంకర పోతుంది.

ఇంకో లక్షణం ఉంది, చాలామంది దీన్ని బ్రేకు లోపం అనుకుంటారు. మలుపు దాటాక మొదటిసారి తొక్కితే పెడల్ లోతుకు పోతుంది, రెండోసారికి గట్టిగా ఉంటుంది. అది వీల్ బేరింగుల్లో వదులు. మలుపులో డిస్కు పక్కకు ఊగి పిస్టన్లను లోపలికి నెట్టేస్తుంది. ఎంత ఖరీదైన కాలిపర్ వేసినా ఇది పోదు.

ఇక నాలుగు పిస్టన్ల కాలిపర్లు. ఇప్పుడున్న బ్రేకులతోనే చక్రాలను లాక్ చేయగలుగుతుంటే, పెద్ద కాలిపర్లు ఒక్కసారి ఆగే దూరాన్ని తగ్గించవు. ఆ దూరాన్ని నిర్ణయించేది టైరు పట్టు. పెద్ద డిస్కుతో కలిపి వేస్తే వేడి తట్టుకునే శక్తి మాత్రం పెరుగుతుంది. పిస్టన్ల మొత్తం వైశాల్యం పెరిగితే ఆయిల్ ఎక్కువ కావాలి, పెడల్ ఇంకా లోతుకు పోతుంది, అప్పుడు మాస్టర్ సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) కూడా మార్చాలి. ముందు చక్రాల వాటా పెరిగిపోయి వెనక డ్రమ్ములు ఊరికే ఉంటాయి. ఎఫ్ఐఏ (అంతర్జాతీయ మోటార్ రేసుల సంస్థ) పాత కార్లకు నడిపే హిస్టారిక్ పోటీలకు వెళ్లే ఆలోచన ఉంటే వాటి నిబంధనలు, అంటే అపెండిక్స్ కె, చదవండి. మీ మోడల్‌కు ఆ కాలంలో రేసుల్లో వాడని భాగాలను అది సాధారణంగా ఒప్పుకోదు.

వెనక బ్రేకులకు వెళ్లే ఒత్తిడిని తగ్గించే సర్దుబాటు వాల్వు మాత్రం వెనక లైన్లో పెట్టించుకోవచ్చు. ముందు చక్రాలు వెనకవాటి కంటే కాస్త ముందుగా లాక్ అయ్యేలా అమర్చండి. వెనకవి ముందుగా లాకైతే కారు గిర్రున తిరుగుతుంది. తడి ట్రాక్ మీద బరువు ముందుకు తక్కువగా మారుతుంది కాబట్టి వెనక వాటా కొంచెం పెంచుకోవచ్చు.

సస్పెన్షన్‌లో మొదటి పని బుష్‌లు, కింగ్‌పిన్‌లు (ముందు చక్రాలు పక్కకు తిరిగే కీలు కడ్డీలు), కమాన్ పట్టీల షాకిల్ బుష్‌లు. ఇవి అరిగి ఉంటే ఏ అలైన్‌మెంటూ నిలవదు. ఎంజీబీలో ముందు షాక్ అబ్జార్బర్ చెయ్యే పై విష్‌బోన్‌గా (చక్రాన్ని కారుకు కలిపే పై చెయ్యిగా) పనిచేస్తుంది. దాని బేరింగు అరిగితే షాక్ ఒక్కటే కాదు, మలుపులో చక్రం వాలు కూడా మారిపోతుంది. మీ కారులో అలాంటి లీవర్ షాకులే ఉంటే ముందు వాటిని పట్టుకుని ఊపి చూడండి.

ఎత్తు తగ్గించడంలో ఆశ పడొద్దు. బరువు కిందికి దిగితే మంచిదే. కానీ విష్‌బోన్ సస్పెన్షన్‌లో కింది చేతులు బయటికి పోయే కొద్దీ పైకి లేచేంతగా దించితే, రోల్ సెంటర్ (మలుపులో బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) కారు బరువు కేంద్రం కంటే ఎక్కువగా కిందికి జారుతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, ఎత్తు తగ్గినా ఒరుగు తగ్గదు. గతుకు తగిలినప్పుడు స్టీరింగ్ దానంతట అదే తిరుగుతుంది. సస్పెన్షన్ రబ్బరు స్టాపుల మీద కూర్చుంటే మలుపు మధ్యలో పట్టు ఒక్కసారిగా పోతుంది. కింది చేతులు దాదాపు సమాంతరంగా ఉండేచోట ఆపేయండి. స్ప్రింగు చుట్లు కోయించడం మాత్రం అస్సలు వద్దు.

ఒరుగు తగ్గించడానికి నేనైతే యాంటీ రోల్ బార్‌తో, అంటే ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌ను కలిపే కడ్డీతో మొదలుపెడతాను. కడ్డీ గట్టిదనం దాని మందం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 16 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 19 వేస్తే గట్టిదనం దాదాపు రెట్టింపు. అందుకే ఒక్కో మెట్టే ఎక్కండి. ముందు మరీ మందంగా వేస్తే బండి మలుపు తిరగనంటుంది. వెనక వేస్తే లోపలి చక్రం తేలికై, మలుపులోంచి బయటికొచ్చేటప్పుడు ఊరికే తిరుగుతుంది. స్ప్రింగులు మార్చినప్పుడు షాకులను కూడా వాటికి తగ్గట్టు సరిచేయించాలి, లేకపోతే బండి ఎగురుతూనే ఉంటుంది.

ఒకసారికి ఒక్క మార్పే చేసి, ట్రాక్ నుంచి రాగానే టైరు లోపలి అంచు, మధ్య, బయటి అంచు వేడి కొలిచి రాసుకోండి. బయటి అంచు బాగా వేడిగా ఉంటే క్యాంబర్ (చక్రం వాలు) ఇంకాస్త నెగటివ్‌కు, అంటే చక్రం పై భాగం లోపలికి వాలేలా తీసుకోవాలి.

మీ మాస్టర్ సిలిండర్ బోరు, చక్రాల సైజు, ఏ టైర్లు వాడుతున్నారో రాయండి. అవి తెలిస్తే వెనక వాల్వు, ముందు బార్ గురించి ఇంకా కచ్చితంగా చెప్పగలను.