కూలిలో మూడో వంతు ఊలుగా ఇస్తే లెక్క ఎలా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాం. మావారిది హెచ్-1బీ ఉద్యోగ వీసా, నాకు హెచ్-4 (భార్యగా వచ్చిన వీసా) మీద ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి కార్డు ఉంది. చిన్నప్పుడు నరసాపురంలో అమ్మ దగ్గర లేసు నేర్చుకున్నాను. ఇక్కడికొచ్చాక ఊలు అల్లికలో పడ్డాను. ఏడాదిగా ఒక ఊలు కంపెనీకి నమూనా స్వెట్టర్లు అల్లి ఇస్తున్నాను. వాటిని షాపుల్లో, ఎగ్జిబిషన్లలో వేలాడదీస్తారు. ఊలు గజానికి 18 సెంట్ల లెక్కన డబ్బు, దానికి తోడు ఒక్కో స్వెట్టరుకు నా సొంతానికి 120 డాలర్ల ఊలు ఇస్తారు. 2025లో ఆరు అల్లాను. సూదులకీ పోస్టుకీ 170 డాలర్లు అయింది. ఈ ఏడాది పది అల్లమంటున్నారు. మా పాపకు మొదలుపెట్టిన స్వెట్టరు దసరా నుంచి ఒక చెయ్యి లేకుండా పడి ఉంది. ఒప్పుకోవచ్చా? దీనికి ట్యాక్స్ ఉంటుందా? బ్యాంకులో రెండు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, పదికి ఒప్పుకోకండి. ఎందుకో చెప్పడానికి మీరు పంపిన కొలతలతో ఒక స్వెట్టరును కుట్లలో లెక్కపెట్టాను.

అంగుళానికి ఐదున్నర కుట్లు, ఏడు వరసలు. ఛాతీ చుట్టుకొలత 40 అంగుళాలు, పొడవు 24. అంటే వరసకు 220 కుట్లు, మొత్తం 168 వరసలు. ఒంటి భాగానికే 36,960 కుట్లు అయ్యాయి. చేతులు సగటున 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు అనుకుంటే రెండింటికీ కలిపి ఇంకో 16,632. చంకల దగ్గర, మెడ దగ్గర తగ్గేవి వదిలేస్తే సుమారు 53,600 కుట్లు. నిమిషానికి 25 వేస్తానన్నారు, అది మంచి వేగమే. అయినా 36 గంటలు పడుతుంది. ముందు గేజు (అంగుళానికి ఎన్ని కుట్లు, వరసలు పడుతున్నాయో) చూసుకోవడానికి అల్లే ముక్క, భాగాలు కలిపి కుట్టడం, కొసలు లోపలికి దాచడం, తడిపి పిన్నులు పెట్టి ఆరబెట్టడం, పార్సెల్ కట్టడం, వీటన్నిటికీ ఇంకో 9 గంటలు వేశాను. మొత్తం 45 గంటలు.

1,250 గజాలకు మీకొచ్చేది 225 డాలర్లు. గంటకు సరిగ్గా 5. ఊలు విలువ కూడా కలిపితే 7 డాలర్ల 67 సెంట్లు. అమెరికాలో కేంద్ర ప్రభుత్వ కనీస వేతనం 2009 నుంచి 7 డాలర్ల 25 సెంట్ల దగ్గరే ఆగిపోయింది. మీరు ఉద్యోగి కాదు కాబట్టి ఆ చట్టం మీకు వర్తించదు. కానీ మీ కూలి ఎక్కడుందో చూసుకోవడానికి పనికొస్తుంది.

మాది పాలకొల్లు. మా పెద్దమ్మ లేసు అల్లేది. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, అల్లిన లేసు తూచి తీసుకెళ్లేవాడు. మిగిలిన దారం ఉంచుకోమనేవాడు, ఆమె దాన్ని కూలిలో భాగంగానే చూసుకునేది. మా ఇంట్లో రేడియోకి, టీవీకి, ప్రతి దిండుకీ ఆ దారంతో అల్లిన కవరే. గంటకు ఎంత పడుతోందో ఆమెకు ఎవరూ ఎప్పుడూ లెక్క కట్టి చెప్పలేదు. మీ ఉత్తరం చదివినప్పుడు నాకు ఆమె చేతులే గుర్తొచ్చాయి. అందుకే ఈ లెక్క ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడు ట్యాక్స్ సంగతి. మీ ఇంటికి రెండు రకాల ఊలు వస్తోంది. నమూనా కోసం పంపే ఊలు స్వెట్టరై తిరిగి వాళ్ల దగ్గరికే పోతుంది, దాంతో మీకు ట్యాక్స్ సంబంధం లేదు. మీ సొంతానికి ఇచ్చే ఊలు మాత్రం కూలి కిందే లెక్క. పనికి బదులుగా వస్తువు తీసుకుంటే అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ దాన్ని మార్కెట్ ధరకు ఆదాయంగా చూపించమంటుంది. కాబట్టి 2025లో మీ ఆదాయం 1,350 డాలర్ల డబ్బు, 720 డాలర్ల ఊలు, కలిపి 2,070. ఖర్చులు 170 తీసేస్తే 1,900.

స్వయం ఉపాధిలో నికర ఆదాయం 400 డాలర్లు దాటితే సోషల్ సెక్యూరిటీ (పెన్షన్), మెడికేర్ (వృద్ధుల వైద్య బీమా) పన్నుల్లో ఉద్యోగి వాటా, యజమాని వాటా రెండూ మనమే కట్టుకోవాలి. ఆదాయంలో 92.35 శాతం మీద 15.3 శాతం. మీకు అది 268 డాలర్లు. అందులో సగం తగ్గింపు, చిన్న వ్యాపారాలకిచ్చే 20 శాతం తగ్గింపు పోగా, మీవారి జీతాన్ని బట్టి మీరు 22 శాతం శ్లాబులో ఉన్నారు కాబట్టి ఆదాయ పన్ను ఇంకో 311. మొత్తం 579. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను లేకపోవడం మీ అదృష్టం.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఊలు మీద ట్యాక్స్ ఊలుతో కట్టలేం, డబ్బుతోనే కట్టాలి. 1,350లోంచి 170 ఖర్చు, 579 ట్యాక్స్ తీసేస్తే మీ చేతికి మిగిలేది 601 డాలర్లు. ఆరు స్వెట్టర్లకు 270 గంటలు. గంటకు 2 డాలర్ల 23 సెంట్లు, కొంత ఊలు. ఆ ఊలు మీరు ఎలాగూ కొనేదే అయితే 720 డాలర్లు మిగిలినట్టే. బీరువా నిండిపోయి మంచం కింద డబ్బాల్లోకి చేరుతుంటే మిగిలినట్టు కాదు. గత ఏడాది సొంత అల్లికకు నిజంగా ఎన్ని ఉండలు వాడారో ఒకసారి లెక్కపెట్టుకోండి.

ఇంకో మాట చెప్పడానికి బాధగా ఉంది. సోషల్ సెక్యూరిటీ పెన్షన్ రావాలంటే 40 క్రెడిట్లు కావాలి, ఏడాదికి నాలుగు మించి రావు. 2025లో ఒక్క క్రెడిట్‌కు 1,810 డాలర్ల ఆదాయం ఉండాలి. మీ లెక్కలో అది 1,900లో 92.35 శాతం, అంటే 1,755 దగ్గర ఆగింది. 268 డాలర్లు కట్టి కూడా 55 డాలర్ల తేడాతో క్రెడిట్ పోయింది. ఇండియాకూ అమెరికాకూ మధ్య సోషల్ సెక్యూరిటీ ఒప్పందం లేదు కాబట్టి రేపు వెనక్కి వెళ్తే అక్కడి సర్వీసుతో కలిపే దారీ లేదు.

మీకు ఎంత ఇచ్చిందో చూపే కాగితం కంపెనీ పంపుతుంది. అలా మీకు 1099-ఎన్‌ఈసీ పంపి ఉంటుంది, 2025 వరకు దాని పరిమితి 600 డాలర్లు. 2026 చెల్లింపుల నుంచి అది 2,000కు పెరిగింది. వచ్చే ఏడాది ఆ కాగితం రాకపోవచ్చు. రాలేదని ఆదాయం చూపించడం మానేయకండి, గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నవాళ్లు అసలే మానకూడదు. 2025 లెక్క ట్యాక్స్ రిటర్న్‌తో పెట్టే స్వయం ఉపాధి ఫారాలు షెడ్యూల్ సీ, షెడ్యూల్ ఎస్‌ఈలలో వేసి ఏప్రిల్ 15లోగా పంపండి. ఈ ఏడాదికి మీవారి ఆఫీసులో డబ్ల్యూ-4 (జీతంలోంచి ఎంత ట్యాక్స్ కోయాలో చెప్పే ఫారం) మార్పించి జీతంలోంచి నెలకు 50 డాలర్లు అదనంగా కోయించుకుంటే ఏప్రిల్‌లో టెన్షన్ ఉండదు. హాల్లో సోఫా మీద కూర్చుని అల్లుతున్నారు కాబట్టి హోమ్ ఆఫీస్ తగ్గింపు జోలికి పోవద్దు. అది పనికి మాత్రమే వాడే చోటికే ఇస్తారు.

డబ్బు కన్నా ముందు చూసుకోవాల్సింది ఈఏడీ తేదీ. 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టే రెన్యువల్ దరఖాస్తులకు ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. పాత కార్డు గడువు ముగిసి కొత్తది రాకపోతే ఆ రోజు నుంచి సూదులు ఆపాలి, డబ్బు వద్దు ఊలు చాలు అన్నా సరే. ఊలు కూడా ప్రతిఫలమే. శరదృతువు నమూనాలు ఎండాకాలంలో అల్లాలి కదా, ఆ గడువు మీ కార్డు గడువు దాటుతుంటే ఆ పని తీసుకోకండి. సందేహం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌కు ఒకసారి ఫీజు కట్టి అడగండి.

మరి మానేయమంటారా అంటే, అననుగాక అనను. మీ పనితనం నచ్చే కదా పది అడిగారు. కంపెనీకి ఇలా రాయండి: “ఏడాదికి నాలుగు స్వెట్టర్లు చేయగలను. జడల అల్లిక, రంగుల డిజైన్ ఉంటే గజానికి రేటు వేరుగా ఉండాలి. సొంతానికి ఇచ్చే ఊలు బదులు అందులో సగం విలువైనా డబ్బుగా ఇవ్వండి. టోపీల్లాంటి చిన్నవాటికి గజం లెక్క కాకుండా విడి రేటు మాట్లాడుకుందాం.” టోపీకి 110 కుట్లు, 60 వరసలు, అంటే 6,600 కుట్లు, నాలుగున్నర గంటలు. మిగతా పనితో కలిపి ఆరు. 200 గజాలకు 18 సెంట్లయితే 36 డాలర్లే. 60 అడగండి, గంటకు 10 పడుతుంది. గజం లెక్కలో చిన్నవాటికి ఎప్పుడూ నష్టమే, ఎందుకంటే గేజు ముక్క, కొసలు, పార్సెల్ పని పెద్దవాటికీ చిన్నవాటికీ దాదాపు అంతే.

వచ్చిన డబ్బు మీ పేరు మీద వేరే సేవింగ్స్ ఖాతాలో పడనివ్వండి. రోత్ ఐఆర్‌ఏ (రిటైర్‌మెంట్ పొదుపు ఖాతా) గురించి ఇప్పుడే ఆలోచించొద్దు. హెచ్-1బీ ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. మీ దగ్గర ఉన్నదీ రెండు నెలల ఖర్చే. ఆయన స్టేటస్ పోతే మీ ఈఏడీ కూడా నిలవదు, అంటే రెండు ఆదాయాలూ ఒకేసారి ఆగుతాయి. ఆరు నెలల ఖర్చు చేరేదాకా ఊలు డబ్బంతా అందులోకే. పెద్ద మొత్తం మీవారి జీతంలోంచే రావాలి, నెలకు 500 చొప్పున పక్కన పెట్టమని ఆయనకు నా మాటగా చెప్పండి.

ఇంట్లో రెండు బుట్టలు పెట్టుకోండి, కంపెనీదొకటి, మీదొకటి. కంపెనీ బుట్టకు వారానికి ఎనిమిది గంటలు, అంతకు మించి వద్దు. మణికట్టు నొప్పి పుడితే ఆ వారం అదీ వద్దు. కొత్త నమూనా ఊలు వచ్చినా పెట్టె విప్పకముందు పాప స్వెట్టరు రెండో చెయ్యి పూర్తి చేయండి. మొదలుపెట్టే ముందు చెయ్యి పొడవు మళ్లీ కొలవండి, దసరా నుంచి ఇప్పటికి పెరిగి ఉంటుంది.