ఐడ్లింగ్ పెంచేస్తానంటే ఒప్పుకోబాక

చిరంజీవి బుజ్జికి, పెదనాన్న ఆశీస్సులు.

పాత ఆక్టేవియా ఆర్ఎస్ కొన్నావనీ, ట్యూనింగ్ చేయించిన కాడినుంచీ సిగ్నళ్ల దగ్గర ఆగిపోతోందనీ, నువ్వే బాగు చేసుకుని పండక్కి చెన్నై నుంచి కావలికి అందులోనే వస్తావనీ మీ అమ్మ చెప్పింది. బానెట్ ఎత్తేవాడు మన ఇంట్లో ఇంకొకడు తయారయ్యాడని మీ పెద్దమ్మ దగ్గర రెండుసార్లు గొప్పలు పోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

బ్యాటరీ, ప్లగ్గులు, థ్రోటిల్ బాడీలో మసి చూసే ఉంటావు.

నా అనుమానం నువ్వు సోకు కోసం పెట్టించిన ఆ 'ఉస్సు'మనే బ్లో ఆఫ్ వాల్వ్ మీద. యాక్సిలరేటర్ వదలగానే టర్బో నెట్టిన గాలిని బయటికి వదిలేది అదే. లోపలికి పోయే గాలిని ఆ ఇంజిన్‌లో గాలి కొలిచే మాఫ్ సెన్సర్ ముందే లెక్కేస్తుంది. లెక్కలో పడిన గాలిని నువ్వు బయటికి వదిలేస్తే, లేని గాలికి కూడా పెట్రోలు పడుతుంది. యాక్సిలరేటర్ వదిలేసరికి మిక్చర్ రిచ్ అయి, అంటే గాలికి మించి పెట్రోలు చేరి, ఆగిపోతుంది. పాత వాల్వ్ బిగించి, గాలిని మళ్లీ టర్బో ముందు పైపులోకే మళ్లించి చూడు. నిలబెట్టి ఉంచినా ఆగిపోతుంటే ట్యూనింగ్‌లో వేసిన పెద్ద ఇంజెక్టర్లకు తగ్గట్టు మ్యాప్, అదే ఇంజిన్ కంప్యూటర్‌లో ఉండే పెట్రోలు లెక్క, సరిచేయలేదేమో, లేదా ఏదో హోసు గాలి పీలుస్తోంది. స్మోక్ టెస్ట్ చేయించు, లోపలికి పొగ పంపితే చీలిక ఉన్నచోట బయటికొస్తుంది.

ఐడ్లింగ్ అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు. ట్యూనర్ "ఐడ్లింగ్ 1200కి పెంచేస్తా, ఆగదు" అన్నాడంటే తాళాలు తీసుకుని వచ్చెయ్.

ఆ పని నేను చేశాను నాయనా. 1996 ఎండాకాలం. ఒకాయన కార్బురేటర్ కారు తెచ్చాడు, నిలబెడితే వణికి ఆగిపోతోంది. ఒంగోలులో పెళ్లికి పోవాలి, తొందర. స్క్రూడ్రైవర్‌తో ఐడ్లింగ్ స్క్రూ ఒకటిన్నర చుట్టు తిప్పాను. ఆగడం మానింది. 40 రూపాయలిచ్చి పోయాడు. మధ్యాహ్నం కబురొచ్చింది. సింగరాయకొండ దగ్గర బర్రెగొడ్లు అడ్డమొస్తే, బ్రేకు రాయిలాగా బిగుసుకుందంట. బస్సెక్కి పోయాను. కారు రోడ్డు దిగి వేపచెట్టుకు ఆనుకుని ఉంది. వాళ్ల చిన్నపిల్లకు పెదవి చిట్లింది. సీటు కింద ఉలవపాడులో కొన్న మామిడిపళ్లు చితికి వాసనొస్తున్నాయి. ఇంజిన్ వాక్యూమ్‌తో బ్రేకును తేలిక చేసే బూస్టర్ హోసు వంచి చూశాను. క్లిప్పు వెనక గోరు దిగేంత చీలిక. అందులోంచే ఇంజిన్ గాలి పీల్చి ఆగిపోతోంది, అందువల్లే బూస్టర్‌కి వాక్యూమ్ అందలేదు. బండి పొద్దున్నే చెప్పింది. నేనే వినకుండా స్క్రూ తిప్పాను. 40 రూపాయలు తిరిగివ్వబోతే ఆయన తీసుకోలేదు.

అందుకే అన్నిటికన్నా ముందు ఆ హోసు చూడు. టర్బో బండి కాబట్టి బూస్టు, అదే టర్బో గాలి ఒత్తిడి, ఎదురు తన్నకుండా అందులో వన్ వే వాల్వ్ ఉంటుంది, అది కూడా. ఇంజిన్ ఆపి బ్రేకు గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కు. పాదం తియ్యకుండా స్టార్ట్ చెయ్యి, పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే కారు వీధి దాటకూడదు. నడిచే బండిలో ఇంజిన్ ఆగిపోతే బ్రేకు తొక్కి అట్టే పట్టుకో, పదేపదే కొట్టబాక. బూస్టర్లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకే సరిపోతుంది. స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది.

తిడుతున్నాననుకోకు. నీ వయసులో నాకు ఇంత కూడా తెలీదు.

అప్పటికీ తేలకపోతే కారు అక్కడే పెట్టి పినాకిని ఎక్కెయ్, కావలి స్టేషన్‌కి నేనొస్తాను. ముందు ఆ హోసు ఫొటో పంపు. క్లిప్పు ఊడదీసి తియ్యి.

మీ పెదనాన్న