రామ్ 3500 డీజిల్‌లో ఐసిన్ గేర్‌బాక్స్ కోసం ఎక్కువ డబ్బు పెట్టవచ్చా?

మీరు డల్లాస్‌లో ఉంటున్నారు, 13,000 పౌండ్ల క్యాంపర్ ట్రైలర్ లాగడానికి 2013 తరవాతి పాత రామ్ 3500 పికప్ ట్రక్కు కొందామని చూస్తున్నారు, మామూలు 68ఆర్‌ఎఫ్‌ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ సరిపోతుందా, అంతకంటే గట్టిదైన ఐసిన్ ఆటోమేటిక్ ఉన్నదే వెతకాలా అని అడిగారు. టెక్సాస్ మైదానాల్లో ఏడాదికి రెండు ప్రయాణాలైతే మామూలుదే చాలు. కొండలు ఎక్కే ఆలోచన ఉంటే ఐసిన్ తీసుకోండి.

రెండూ ఆరు గేర్లవే. తేడా ఏమిటో కంపెనీ అంకెల్లోనే ఉంది. 2013లో అదే 6.7 లీటర్ల కమ్మిన్స్ ఇంజన్‌కు మాన్యువల్‌తో 660, 68ఆర్‌ఎఫ్‌ఈతో 800, ఐసిన్‌తో 850 పౌండ్-అడుగుల టార్క్ (తిప్పే బలం) ఇచ్చారు. ఇంజన్‌కు చేతకాక కాదు, వెనక ఉన్న గేర్‌బాక్స్ ఎంత తట్టుకుంటుందో చూసి కళ్లెం వేశారు.

నేను ఆ కళ్లెం తీసేసి చూశాను. నా మొదటి ట్రక్కులో 68ఆర్‌ఎఫ్‌ఈ ఉండేది. ఉన్నది చాలక ఇంజన్‌కు ట్యూనింగ్ చేయించాను, అంటే కంపెనీ పెట్టిన హద్దు దాటి బలం పెంచేలా దాని కంప్యూటర్‌ను మార్పించాను. ఖాళీ బండి గుర్రంలా దూకేది. ఆ వేసవిలో ట్రైలర్ తగిలించుకుని కొలరాడోలో ఐ-70 మీద, 11,000 అడుగుల పైన ఉండే ఐసెన్‌హోవర్ సొరంగం వైపు ఎక్కుతున్నాం. వేగం ముల్లు కదలలేదు, ఆర్‌పీఎం ముల్లు మాత్రం ఉన్నట్టుండి లేచి, మళ్లీ పడింది. రెండు నిమిషాల్లో ఇంకోసారి. ఇంజన్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే టార్క్ కన్వర్టర్‌లో, ఆ రెంటినీ బిగించి పట్టే లాకప్ క్లచ్ జారుతోందన్నమాట. పక్కకు తీసి ఆపేసరికి మాడిన నూనె వాసన. తరవాత గేర్‌బాక్స్ దించితే నూనె కాఫీ డికాక్షన్‌లా ఉంది. తప్పు గేర్‌బాక్స్‌ది కాదు, ముమ్మాటికీ నాదే.

ఇప్పుడు నడుపుతున్నది ఐసిన్. దీని మొదటి గేరు నిష్పత్తి 3.75, 68ఆర్‌ఎఫ్‌ఈది 3.23; ఈ అంకె పెద్దదైతే కదిలేటప్పుడు లాగే బలం ఎక్కువ. బరువుతో ఎత్తు మీద ఆగి మళ్లీ కదిలేటప్పుడు ఆ తేడా కాలికి తెలుస్తుంది. ఖాళీగా ఊళ్లో తిరిగేటప్పుడు మాత్రం గేరు మారుతుంటే కాస్త మొరటుగా కుదుపుతుంది. మా ఆవిడ దీన్ని ఎడ్లబండి అంటుంది, నేను వాదించను.

కొనే ముందు బండి పూర్తిగా వేడెక్కేవరకు నడపండి. హైవే మీద నిలకడగా పోతున్నప్పుడు యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కండి. వేగం పెరగకుండా ఆర్‌పీఎం ఒక్కటే ఎగిరితే అక్కడితో వదిలేయండి. నూనె మార్చిన రసీదులు అడగండి, ఏ నూనె పోశారో కూడా చూడండి: ఐసిన్‌కు ఏఎస్‌ఆర్‌సీ, 68ఆర్‌ఎఫ్‌ఈకి ఏటీఎఫ్+4. ఒకదానిది మరొకదానికి పనికిరాదు.

పాత యజమాని ట్యూనింగ్ చేయించాడని తెలిస్తే, ఐసిన్ అయినా సరే, నేనైతే ఆ బండి తీసుకోను.