పాత కూలర్‌లో గ్యాస్ వదిలేస్తే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: డాలస్ దగ్గర ఒక గ్యాస్ స్టేషన్ స్టోర్ కొన్నాను. పాత వాక్-ఇన్ కూలర్ తీసేయాలి. నేమ్‌ప్లేట్ మీద ఆర్-22 (చల్లబరిచే గ్యాస్ పేరు), 18 పౌండ్లు అని ఉంది. ఒక హ్యాండీమ్యాన్ 200 డాలర్లిస్తే పైపు కోసి గ్యాస్ వదిలేసి, మెషీన్ స్క్రాప్‌కి వేస్తానంటున్నాడు. రేపు ఏదైనా అయితే బాధ్యత నాదా, అతనిదా? ఆ గ్యాస్ నా రెండో స్టోర్‌లో వాడుకోవచ్చా?

జవాబు: ఇద్దరికీ చుట్టుకుంటుంది. అమెరికా క్లీన్ ఎయిర్ యాక్ట్ 608వ సెక్షన్ కింద, తెలిసి రిఫ్రిజెరెంట్‌ను, అంటే ఇలాంటి చల్లబరిచే గ్యాస్‌ను, గాలిలోకి వదలడం నిషేధం. ఆర్-22కి ఇది 1992 జూలై 1 నుంచే ఉంది. వదిలేస్తాడని తెలిసే ఒప్పుకున్నారు కాబట్టి 'చేసింది అతను' అన్న వాదన నిలవడం కష్టం. ఆ మాటలు టెక్స్ట్ మెసేజ్‌లో ఉంటే మరీ కష్టం. సివిల్ జరిమానా గరిష్ఠంగా రోజుకు లక్ష డాలర్లు దాటింది. క్రిమినల్ కేసైతే ఐదేళ్ల దాకా జైలు. సమాచారం ఇచ్చినవాళ్లకు 10,000 డాలర్ల వరకు బహుమతి ఇచ్చే వీలు కూడా చట్టంలో ఉంది. కూలి దగ్గర పేచీ పడి వెళ్లిన పనివాడికి అదొక్కటి చాలు.

ఈపీఏ (అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ) 608 టైప్-2 లేదా యూనివర్సల్ సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియన్‌ని పిలవండి. టైప్-1 చాలదు, అది 5 పౌండ్లలోపు సీల్డ్ మెషీన్లకే. గ్యాస్‌ను బయటికి లాగి సిలిండర్‌లోకి పంపే రికవరీ మెషీన్‌తో లాగి గేజ్‌ను సున్నాకి తేవాలి. ఆపాక కొన్ని నిమిషాలు ఆగమనండి. కంప్రెసర్ ఆయిల్‌లో కరిగి ఉన్న గ్యాస్ బయటికొచ్చి ప్రెషర్ లేస్తే మళ్లీ లాగాలి.

ఎక్కువమంది బోల్తాపడేది పంప్-డౌన్ దగ్గర. రిసీవర్ (గ్యాస్ నిల్వ ఉండే ట్యాంక్) వాల్వ్ మూసి కంప్రెసర్ నడిపితే లైన్లు ఖాళీ అవుతాయి, గేజ్ కూడా సున్నా చూపిస్తుంది. కానీ గ్యాసంతా బయటి యూనిట్ రిసీవర్‌లోనే ఉంటుంది. స్క్రాప్ యార్డులో దాన్ని కోసిన రోజున అంతా గాల్లో కలుస్తుంది. అందుకే రికవరీ సిలిండర్‌ను ముందు, తర్వాత తూకం వేయించండి. అది పసుపు తల, బూడిద ఒళ్లు ఉన్న సిలిండర్. 80 శాతానికి మించి నింపకూడదు. డిస్పోజబుల్ సిలిండర్ తెస్తే పని ఆపేయండి, దాన్ని తిరిగి నింపడం ఇంకో నేరం.

బిల్లు మీద అడ్రస్, తేదీ, ఆర్-22 అన్న పేరు, ఎన్ని పౌండ్లు వచ్చిందీ రాయించండి. 5 నుంచి 50 పౌండ్ల సిస్టమ్ తీసేసేటప్పుడు టెక్నీషియన్ రికార్డు మూడేళ్లు దాచాలన్న రూలు 2018 నుంచి ఉంది. మీరూ ఒక కాపీ ఉంచుకోండి. 18కి బదులు 12 పౌండ్లే వస్తే, సిస్టమ్‌లో ముందే తక్కువ ఉందని అదే బిల్లులో రాయించండి. లేకపోతే ఆ ఆరు ఎక్కడికి పోయాయో మీరే చెప్పుకోవాలి.

రెండో స్టోర్‌లో వాడుకోవచ్చు, ఓనర్ ఒకరే అయితే. మనవాళ్లు ఒక్కో స్టోర్‌ని ఒక్కో ఎల్‌ఎల్‌సీ (విడి కంపెనీ) పేరిట పెడుతుంటారు, చిక్కు అక్కడే. రెండూ ఒకే మాతృసంస్థ కింద ఉంటే ఫరవాలేదు. విడివిడిగా ఉంటే చేతులు మారినట్టే లెక్క, సర్టిఫైడ్ రిక్లెయిమర్ (వాడిన గ్యాస్‌ను శుద్ధి చేసే సంస్థ) శుద్ధి చేశాకే వాడాలి. కంప్రెసర్ కాలిపోయి ఉంటే మాత్రం ఎలాగూ వద్దు, ఆ గ్యాస్‌లో యాసిడ్ ఉంటుంది.

రిక్లెయిమర్‌కే ఇచ్చేస్తే క్రెడిట్ అడగండి. 2020 నుంచి కొత్త ఆర్-22 తయారీ, దిగుమతి ఆగిపోయాయి కాబట్టి దానికి విలువుంది. వేరే గ్యాస్ కలిసిపోతే క్రెడిట్ ఉండదు, ధ్వంసం ఖర్చు మీకే పడొచ్చు.