గాలి కాలుష్యం, ఊపిరితిత్తుల క్యాన్సర్: మీ సందేహాలకు డాక్టరు సమాధానాలు

ప్రశ్న: మా అక్కకు 54 ఏళ్లు. ఆమె గానీ మా బావగారు గానీ ఏనాడూ పొగ తాగినవారు కారు. దగ్గు ఎంతకీ తగ్గకపోతే ఆస్పత్రిలో చూపించాం. ఊపిరితిత్తుల క్యాన్సర్ అనీ, ‘అడినోకార్సినోమా’ రకమనీ చెప్పారు. ఫ్యాక్టరీలున్న మనలి, ఎన్నూరు వైపు నుంచి వచ్చే గాలే కారణమని ఇరుగుపొరుగు అంటున్నారు. నిజమేనా? అదే గాలి పీలుస్తున్న నేను కూడా స్కాన్ చేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, తండయారుపేట, చెన్నై

జవాబు: గాలి కాలుష్యం వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందా అన్నది ఇప్పుడు వాదనకు మిగిలిన విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిధిలో పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లో బయటి గాలి కాలుష్యాన్నీ, అందులోని సూక్ష్మ ధూళికణాలనూ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటిలో మొదటి వర్గంలో చేర్చింది. డీజిల్ పొగ అంతకు ఏడాది ముందే ఆ వర్గంలో చేరింది. పొగాకు కూడా అక్కడే ఉంది. ఈ సంగతి చదివి, చెన్నై గాలి పీల్చడమూ సిగరెట్టు కాల్చడమూ ఒకటేనని తీర్మానించేవారు చాలామంది ఉన్నారు. అది తొందరపాటు. ఒక పదార్థం క్యాన్సర్ కలిగిస్తుందనడానికి సాక్ష్యం ఎంత గట్టిదో ఆ వర్గీకరణ చెబుతుందే తప్ప, ముప్పు ఎంత పెద్దదో చెప్పదు. పొగ తాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చే అవకాశం తాగనివారికంటే 15 నుంచి 30 రెట్లు ఎక్కువ. పీఎం 2.5 అనే అతిసూక్ష్మ కణాలు ఘనపు మీటరు గాలిలో 10 మైక్రోగ్రాముల చొప్పున పెరిగినప్పుడు ఆ ముప్పు సుమారు 9 శాతం పెరుగుతుందని పలు దేశాల అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. ఒక్క మనిషి విషయంలో ఇది చిన్న పెరుగుదలే. కానీ సిగరెట్టు కొందరే కాలుస్తారు, గాలి ఊరంతా పీలుస్తుంది గనుక మొత్తం రోగుల లెక్కలో అది చిన్నదిగా మిగలదు.

పొగ తాగనివారిలో, ముఖ్యంగా ఆడవారిలో, తరచుగా కనబడేది మీ అక్కగారికి వచ్చిన అడినోకార్సినోమాయే. గాలికీ దానికీ ఉన్న ముడి ఎలాంటిదో లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థకు చెందిన చార్లెస్ స్వాంటన్ బృందం 2023లో ప్రచురించిన పరిశోధన చాలావరకు విప్పి చూపింది. ధూళికణాలు నేరుగా జన్యువులను దెబ్బతీయడం వల్లనే క్యాన్సర్ పుడుతుందన్నది పాత అవగాహన. ఆ బృందం ఆరోగ్యవంతమైన ఊపిరితిత్తుల కణజాలాన్ని పరీక్షించినప్పుడు, ‘ఈజీఎఫ్‌ఆర్’ వంటి జన్యువుల్లో క్యాన్సర్‌కు దారితీయగల మార్పులు కొద్ది కణాల్లో అప్పటికే ఉన్నట్లు తేలింది. వయసు మీదపడే కొద్దీ అవి మనందరిలోనూ చేరుతుంటాయి, చాలామందిలో ఏ హానీ చేయకుండా పడి ఉంటాయి. లోపలికి చేరిన ధూళికణాలను మింగడానికి వచ్చిన రక్షణ కణాలు ‘ఇంటర్‌ల్యూకిన్-1 బీటా’ అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. దాని ప్రేరణతో, నివురుగప్పిన నిప్పును ఊదినట్లు, ఆ మారిన కణాలు విజృంభిస్తాయి. ఎలుకల్లో ఆ పదార్థాన్ని అడ్డుకున్నప్పుడు కణితులు తగ్గాయి.

ఇంత తెలిసినా, మీ అక్కగారికి ఫలానా ఫ్యాక్టరీ గొట్టం వల్లనే జబ్బు వచ్చిందని ఏ వైద్యుడూ రాసివ్వలేడు. చిన్నతనంలో కట్టెల పొయ్యి దగ్గర కూర్చోవడం, ఇతరులు వదిలిన పొగ పీల్చడం, ఆస్‌బెస్టాస్ ధూళి, వంశపారంపర్యం, ఇవన్నీ కారణాల్లో ఉన్నవే. ఆ వివాదానికంటే ముందు, కణితి ముక్క మీద ఈజీఎఫ్‌ఆర్ పరీక్ష జరిగిందో లేదో అడిగి తెలుసుకోండి. ఆ మార్పు ఉన్నట్లు తేలితే, జబ్బు దశను బట్టి, దానికే గురిపెట్టిన జెఫిటినిబ్, ఒసిమెర్టినిబ్ వంటి మాత్రలు పనికివస్తాయి.

ఇక మీ సంగతి. తక్కువ రేడియేషన్ మోతాదుతో తీసే సీటీ స్కాన్‌ను అమెరికాలో సిఫారసు చేసేది 50 నుంచి 80 ఏళ్ల లోపు ఉండి, రోజుకొక పెట్టె చొప్పున కనీసం 20 ఏళ్లు తాగినంత పొగాకు చరిత్ర ఉన్నవారికి. కాలుష్యం ఉన్న పేటలో నివసించడం ఒక్కటే స్కాన్‌కు కారణం కాదు. మన దేశంలో పాత క్షయ మిగిల్చిన మచ్చలు చాలామంది ఊపిరితిత్తుల్లో ఉంటాయి, స్కాన్‌లో వాటిని చూసి క్యాన్సరేమోనని ముక్క తీయడానికి అనవసరంగా సూదులు గుచ్చవలసి వస్తుంది. అయితే తోబుట్టువుకు ఈ క్యాన్సర్ రావడం లెక్కలోకి తీసుకోవలసిన విషయమే. తైవాన్ 2022లో మొదలుపెట్టిన జాతీయ పరీక్షల్లో పొగ తాగకపోయినా కుటుంబంలో ఈ జబ్బు ఉన్నవారిని చేర్చింది. కనుక ల్యాబుకు నేరుగా వెళ్లకుండా, ఈ కుటుంబ చరిత్రను ఊపిరితిత్తుల నిపుణునికి చెప్పి ఆయన సలహా తీసుకోండి. మూడు వారాలు దాటిన దగ్గు, తెమడలో రక్తపు జీర, బొంగురుపోయిన గొంతు, కారణం లేని బరువు తగ్గుదల ఉంటే మాత్రం ఆగకండి. ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు: తెమడ పరీక్షలో క్షయ క్రిములు కనబడకపోయినా ఎక్స్‌రే మీది మచ్చను చూసి నెలల తరబడి క్షయ మందులు మింగి, ఆ తర్వాత క్యాన్సర్ అని తెలుసుకునేవారు మన దగ్గర ఇప్పటికీ ఉన్నారు.

ప్రశ్న: పెరంబూరు నుంచి గిండీకి రోజూ బండి మీద వెళ్తాను. ఫోన్‌లో గాలి నాణ్యత సూచీ చాలా రోజులు ‘సంతృప్తికరం’ అనే చూపిస్తుంది. మరి భయం లేనట్లేనా? ముఖానికి చేతి రుమాలు కట్టుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: మన దేశపు సూచీలో 51 నుంచి 100 వరకు సంతృప్తికరమే. పీఎం 2.5 పరంగా చూస్తే 24 గంటల సగటు 60 మైక్రోగ్రాముల దాకా ఆ గడిలోనే పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన హద్దు 15. ఏడాది సగటుకు మన జాతీయ ప్రమాణం 40, ఆ సంస్థ చెప్పేది 5. ఉబ్బసం ఉన్నవారు ఈ రోజు బయటికి వెళ్లాలా వద్దా అని తేల్చుకోవడానికి సూచీ ఉపయోగపడుతుంది గానీ, ఏళ్ల తరబడి పీల్చిన గాలిని బట్టి వచ్చే క్యాన్సర్ ముప్పును కొలవడానికి కాదు. పైగా అది కాలుష్య కొలత కేంద్రం ఉన్నచోటి గాలి. సిగ్నల్ దగ్గర డీజిల్ లారీ వెనుక మీరు పీల్చేది వేరు. రుమాలు మట్టిని ఆపుతుంది, సూక్ష్మకణాలను ఆపదు. హెల్మెట్ కింద పట్టేటట్లయితే ముక్కు దగ్గర ఖాళీ లేకుండా ఎన్95 మాస్కు పెట్టుకోండి. వీలున్నచోట పెద్ద రోడ్డు వదిలి లోపలి వీధుల్లో వెళ్లండి. గిండీకి మెట్రో సౌకర్యం ఉంది, వారంలో కొన్ని రోజులైనా ఆలోచించవచ్చు.

ప్రశ్న: భోగి నాడు మా వీధిలో పాత టైర్లు, ప్లాస్టిక్ సామాను కాలుస్తారు. వద్దంటే ఆచారమంటారు. ఆ పొగకు పిల్లలకు క్యాన్సర్ వస్తుందా?
– ఒక పాఠకురాలు, కొడుంగయ్యూరు

జవాబు: ఒక్క ఉదయపు పొగతో క్యాన్సర్ రాదు. కానీ కాలిన టైరు పొగలో బెంజీన్, బెంజోపైరీన్ ఉంటాయి, రెండూ నేను పైన చెప్పిన మొదటి వర్గానివే. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆ ఒక్క ఉదయమే చాలు ఆయాసం రావడానికి. టైర్లు కాల్చమని ఏ ఆచారమూ చెప్పలేదు. భోగి మంటకు మన పెద్దలు వేసింది పిడకలూ ఎండు కట్టెలూ. వాటిదీ పొగే కనుక పసివాళ్లను దూరంగా ఉంచండి. తెల్లవారుజామున మంచుతో కలిసిన ఈ పొగ వల్ల మీనంబాక్కం విమానాశ్రయంలో విమానాలు ఆగిన సందర్భాలున్నాయి.

అయితే మీరు భోగి గురించి అడిగారు గానీ, నాకు అంతకంటే దిగులు కలిగించేది ఏడాది పొడవునా తలుపులు వేసిన గదిలో వెలిగే దోమల చుట్ట (మస్కిటో కాయిల్). ఒక చుట్ట కాలితే వెలువడే సూక్ష్మకణాలు 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో వెలువడిన ఒక పరిశోధన లెక్క తేల్చింది. పిల్లలు పడుకునే గదిలో దాన్ని మానేసి దోమతెర కట్టండి.